డీపీలో ముఖమెంత?

మా రెండో అన్నయ్య కూతురు విజయవాడ దగ్గర ఇంజినీరింగు చదివిన నాలుగేళ్లూ వాట్సాప్ డీపీలో తన ముఖం పెట్టలేదు. వెన్నముద్ద పట్టుకున్న చిన్నికృష్ణుడు ఉండేవాడు. సంక్రాంతికి ఆయన చోట్లోకి ముగ్గు వచ్చేది, ఉగాదికి మామిడి కొమ్మ వచ్చేది, పండగ వెళ్లగానే మళ్లీ కృష్ణుడు. “నీ మొహం ఏమైందే?” అని ఒకసారి అడిగాను. “నా నంబరున్నవాళ్లకి నా మొహం తెలీదా బాబాయ్?” అంది. తర్కం బాగానే ఉందనిపించి ఊరుకున్నాను. అసలు కారణం అది కాదని చాలాకాలానికి గానీ తెలియలేదు.

డీపీలో ముఖం ఎంత ఉందన్నది పైకి చిల్లర విషయం. కానీ దాన్ని కొలతపెట్టి కొలిచినవాళ్లున్నారు. చి-మావో హువాంగ్, డెనీస్ పార్క్ అనే ఇద్దరు పరిశోధకులు ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఫొటోల్లో ముఖం ఆక్రమించిన చోటెంత, మొత్తం ఫొటో ఎంత అని లెక్క తీశారు. 2013లో అచ్చయిన వాళ్ల పత్రంలో రెండు అధ్యయనాలున్నాయి. మొదటిదానికి తైవాన్, అమెరికా వాళ్ల ఫొటోలు 200 తీసుకున్నారు. రెండోదానికి హాంకాంగ్, సింగపూర్, తైవాన్ ఒకవైపు, కాలిఫోర్నియా, టెక్సస్ ఇంకోవైపు పెట్టుకుని, 6 ప్రభుత్వ విశ్వవిద్యాలయాల డిగ్రీ విద్యార్థుల ప్రొఫైళ్లు 312 చూశారు. అమెరికా కుర్రకారు ఫొటో నిండా తామే ఉన్నారు. తూర్పు ఆసియా పిల్లల ఫొటోల్లో ముఖం చిన్నది, వెనకాల కొండో, వీధో, సముద్రమో పెద్దది. నవ్వు కూడా అంతే. అమెరికా పిల్లలు పళ్లన్నీ కనిపించేలా నవ్వితే, ఇటువాళ్లు పెదవి చివరతో సరిపెట్టారు.

దీనికి వాళ్లు చెప్పిన కారణం అంతకుముందు జరిగిన ఒక చేపల ప్రయోగంలోంచి వచ్చింది. తకహికో మసుదా, రిచర్డ్ నిస్బెట్ 2001లో ప్రచురించిన ప్రయోగం అది. జపాన్ విద్యార్థులకూ అమెరికా విద్యార్థులకూ నీటి అడుగు దృశ్యాల యానిమేషన్ చూపించి, ఏం చూశారో చెప్పమన్నారు. అమెరికావాళ్లు చాలామంది అన్నిటికన్నా పెద్దగా, చురుగ్గా ఈదే చేపతో మొదలుపెట్టారు. జపాన్‌వాళ్లు అదొక చెరువులా ఉందనో, నీళ్లు పచ్చగా ఉన్నాయనో మొదలుపెట్టి, ఆ తర్వాత చేప దగ్గరికొచ్చారు. వెనకాల ఉన్న నాచు, రాళ్లు, నీటి రంగు గురించి సుమారు 60 శాతం ఎక్కువ మాటలు చెప్పారు. మనిషిని పరిసరాల్లోంచి విడదీసి చూసే అలవాటు ఒకచోట, పరిసరాలతో కలిపి చూసే అలవాటు ఇంకోచోట. చేపను ఎలా చూస్తామో మనల్ని మనం కూడా అలాగే ఫొటో తీసుకుంటాం అన్నది సారాంశం.

ఇది చదివిన రాత్రి నేను నా ఫోన్లో ఉన్న డీపీలన్నీ వరసగా తిరగేశాను. పరిశోధన అనను, నిద్రపట్టక చేసిన పని. తాజ్‌మహల్ ముందు అగ్గిపుల్లంత ఉన్న మేనమామ. తిరుమల కొండ మెట్ల మీద గుండ్లతో నలుగురు, అందులో నంబరు ఎవరిదో తేలదు. మనవడి బొమ్మ పెట్టుకున్న తాతలు ఎంతమందో! మనవడే తన డీపీ అనుకునే మనిషిని అమెరికా లెక్కలో ఎక్కడ వేస్తారు?

ఆ పత్రం నాకు నచ్చింది. కానీ ఇలాంటి పత్రాల్లో ఒక గోతి ఉంటుంది. ‘వాళ్ల సంస్కృతి అంత’ అనగానే ప్రశ్న పూర్తయిపోయినట్టు అనిపిస్తుంది. కంటికి కనిపించే తేడా ఒకటే అయినా దాని వెనక ఉన్నది కళ్ల అలవాటు కావచ్చు, డబ్బు కావచ్చు, భయం కావచ్చు. అందుకే ఫొటోను కాసేపు పక్కనపెట్టి, ఇంకా మొదటి ప్రశ్న అడగాలి. ఆ పిల్లలు అసలు ఆ సైటులోకి ఎలా వచ్చారు?

2007 ఫిబ్రవరి, మార్చి నెలల్లో షికాగోలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఎస్తర్ హార్గిటై అనే సామాజికశాస్త్రవేత్త మొదటి సంవత్సరం విద్యార్థులు 1,060 మందిని ఇదే అడిగింది. ఆమె ఆ విశ్వవిద్యాలయాన్ని ఏరికోరి తీసుకుంది. అన్ని రంగులవాళ్లూ, అన్ని భాషల ఇళ్లనుంచి వచ్చినవాళ్లూ అంత కలగలిసి ఉన్న ప్రాంగణాలు అమెరికాలో తక్కువ. అందరిదీ ఒకే వయసు, అదే ఊరు, అవే కంప్యూటర్ గదులు. అయినా సైట్లు వేరు. హిస్పానిక్ విద్యార్థులు మైస్పేస్‌లో ఎక్కువగా, ఫేస్‌బుక్‌లో తక్కువగా ఉన్నారు. ఆసియా మూలాల పిల్లలు జాంగా, ఫ్రెండ్‌స్టర్ లాంటివాటిలో మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించారు. తల్లిదండ్రుల చదువు పెరిగేకొద్దీ పిల్లలు ఫేస్‌బుక్ వైపు మొగ్గారు. ఇంకొక్కటి, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది: అమ్మానాన్నల దగ్గర ఉండి కాలేజీకి వచ్చిపోయేవాళ్లు, బయట ఉండి చదివేవాళ్లకన్నా ఫేస్‌బుక్ తక్కువ వాడారు.

మైస్పేస్ వాడాలని రక్తంలో ఏమీ రాసి ఉండదు. ఆ సైట్లు ఎలా పుట్టాయో చూస్తే చిక్కు విడిపోతుంది. ఫేస్‌బుక్ 2004 ఫిబ్రవరి 4న హార్వర్డ్‌లో మొదలైంది. హార్వర్డ్ ఈమెయిల్ ఉన్నవాళ్లకే తలుపు. తర్వాత కొలంబియా, స్టాన్‌ఫర్డ్, యేల్. హైస్కూలు పిల్లలను 2005 సెప్టెంబరులో, అందరినీ 2006 సెప్టెంబరులో రానిచ్చారు. అంటే రెండున్నరేళ్లపాటు అది చదువుకున్నవాళ్ల పిల్లల ఇల్లు. మైస్పేస్ ఆ పాటికే పాటల బ్యాండ్ల చుట్టూ పెరిగి, ఎవరొచ్చినా రానిచ్చే సంతలా ఉండేది. ఇక ఫ్రెండ్‌స్టర్ అమెరికాలో చప్పబడిపోయినా ఫిలిప్పీన్స్, మలేసియా, ఇండోనేసియాల్లో వెలిగింది. అక్కడ అత్తలూ కజిన్లూ ఉన్న షికాగో పిల్లకు ఆ సైటుతో పని ఉంటుంది, లేనివాళ్లకు ఉండదు.

పెళ్లిలో భోజనాల బంతి గుర్తు తెచ్చుకోండి. ఎవరెక్కడ కూర్చోవాలని ఎవరూ చెప్పరు. మొదటి ఇద్దరు ముగ్గురు కూర్చున్నాక, వాళ్లను ఎరిగినవాళ్లు పక్కన చేరతారు, వాళ్లను ఎరిగినవాళ్లు ఆ పక్కన. విస్తళ్లు వేసేసరికి ఈ వరస మగపెళ్లివారిదని, ఆ వరస ఊళ్లో వాళ్లదని చూసినవాళ్లెవరైనా చెప్పేయగలరు. సైట్లలోనూ జరిగింది అదే. కాకపోతే అమెరికాలో ఆ వరసలకు చరిత్ర ఉంది. డేనా బోయిడ్ అనే పరిశోధకురాలు ఆ రోజుల్లో ఊరూరా తిరిగి పిల్లలతో మాట్లాడింది. ఒక తెల్లమ్మాయి మైస్పేస్ గురించి చెబుతూ ‘గెటో’ అన్న మాట వాడింది. పేద నల్లవాళ్ల పేటను అమెరికాలో అలా అంటారు. నల్లవాళ్లు పేటలోకి రాగానే తెల్లవాళ్లు ఇళ్లమ్ముకుని నగరం చివరికి తరలిపోయిన 20వ శతాబ్దపు కథ ఇప్పుడు తెరమీద జరిగిందని బోయిడ్ రాసింది. ఇల్లు మారడానికి లారీ అక్కర్లేదు, పాస్‌వర్డ్ చాలు.

మనకూ ఆర్కుట్ ఉండేది. గూగుల్ దాన్ని 2004 జనవరిలో అమెరికాలో మొదలుపెడితే, అది బ్రెజిల్‌కూ మనకూ సొంతమైపోయింది. హైదరాబాదు, కాకినాడ, వరంగల్ నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి స్క్రాప్‌బుక్‌లు నింపిన తరం ఇప్పుడు నలభై దగ్గరపడింది. ‘టెస్టిమోనియల్ రాయవా ప్లీజ్’ అని క్లాసంతా ఒకరినొకరు బతిమాలుకున్న కాలం. 2014 సెప్టెంబరు 30న గూగుల్ దాన్ని మూసేసే నాటికి మనవాళ్లు ఎప్పుడో ఫేస్‌బుక్‌కి సామాను సర్దేశారు. ముందు వెళ్లింది ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు, అమెరికాలో అన్నలున్నవాళ్లు. మిగిలినవాళ్లను ‘ఇంకా ఆర్కుట్‌లోనే ఉన్నావా’ అనడం నేనే విన్నాను. బోయిడ్ విన్న మాటకు ఇది చెల్లెలు.

బంతిలో వరసలు ఎలా ఏర్పడతాయన్నది లెక్కకట్టి చూపించింది ఇంకో పరిశోధన. ఆండ్రియాస్ విమ్మర్, కెవిన్ లూయిస్ 2010లో ప్రచురించారు. అమెరికాలో ఒక పేరున్న ప్రైవేటు కాలేజీలో 2009లో పట్టా పుచ్చుకోవలసిన బ్యాచి, మొత్తం 1,640 మంది. ఫేస్‌బుక్‌లో ‘ఫ్రెండ్’ అన్నమాటను వాళ్లు నమ్మలేదు, నమ్మకపోవడం మంచిదైంది. ఎవరి ఫొటో ఎవరు పెట్టి పేరు తగిలించారో చూశారు. కష్టపడి ఫొటో ఎక్కించి, పేరు వెతికి తగిలించారంటే కాస్త దగ్గరివాళ్లే అయి ఉంటారు.

పైపైన చూస్తే ఫలితం అందరూ అనుకున్నదే. తెల్లవాళ్లు తెల్లవాళ్లతో, నల్లవాళ్లు నల్లవాళ్లతో, ఆసియావాళ్లు ఆసియావాళ్లతో. విమ్మర్, లూయిస్ అక్కడ ఆగలేదు. ఆ ముద్దను విడగొట్టారు. ‘ఆసియావాళ్లు’ అన్న పెట్టె తెరిస్తే లోపల చైనావాళ్లు చైనావాళ్లతో, దక్షిణాసియావాళ్లు దక్షిణాసియావాళ్లతో ఉన్నారు. వాళ్లను కలిపింది చర్మం రంగు కాదు, దానికన్నా దగ్గరిది. తర్వాత హాస్టలు గది. ఒకే గదిలో, ఒకే భవనంలో ఉండటం స్నేహానికి జాతికన్నా బలమైన కారణమైంది. ఖరీదైన ప్రైవేటు హైస్కూళ్లలో చదివినవాళ్లు ఒకరినొకరు వెతుక్కున్నారు. ఇలినాయ్ రాష్ట్రంనుంచి వచ్చినవాళ్లు కూడా ఒకరికొకరు అతుక్కుని తిరిగారు. హైదరాబాదు హాస్టల్లో శ్రీకాకుళం పిల్లలను చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

అన్నిటికన్నా పెద్ద సంగతి స్నేహాల సొంత లెక్క. నువ్వు నా ఫొటో పెడితే నేను నీది పెడతాను. నీ స్నేహితుడు నాకూ స్నేహితుడవుతాడు. ఈ రెండు మామూలు మర్యాదలు చిన్న మొగ్గును పెద్ద గోడ చేస్తాయి. డాలస్‌లో ఒక అపార్టుమెంటు అనుకుందాం. రమేశ్‌కు తెలుగువాళ్లంటే పిసరంత మొగ్గు ఉంది, అంతే. ఆ మొగ్గుతో ఒక తెలుగు రూమ్‌మేట్ దొరికాడు. ఆ రూమ్‌మేట్ కాలేజీ స్నేహితులు ముగ్గురు ఆదివారం పులిహోరకు వచ్చారు. వాళ్లతో రమేశ్‌కు స్నేహం కుదిరింది. ఇప్పుడు రమేశ్ ఫొటోల్లో అయిదుగురూ తెలుగువాళ్లే. చూసినవాళ్లు ‘వీళ్లు ఎవరితోనూ కలవరు’ అంటారు. రమేశ్ ఎవరినీ కాదనలేదు, ఒకరి వెనక ఒకరు వచ్చారు. జాతి పాత్ర పూర్తిగా పోయిందని విమ్మర్, లూయిస్ అనలేదు. పైకి కనిపించినంత లేదన్నారు.

ఈ పరిశోధనకు ఒక తోక ఉంది. చెప్పకుండా వెళ్లలేను. 2008లో ఈ సమాచారాన్ని పేర్లు తీసేసి ఇతర పరిశోధకులకు ఇచ్చారు. కాలేజీ పేరు చెప్పలేదు. బయటివాళ్లు వివరాలు అటూ ఇటూ కలిపి అది హార్వర్డ్ అని త్వరలోనే కనిపెట్టేశారు. ఆ పట్టికలో కొన్ని దేశాలనుంచి ఒక్కొక్కరే ఉన్నారని మైఖేల్ జిమ్మర్ అనే పండితుడు ఎత్తిచూపాడు. ఫలానా దేశం పిల్ల ఆ బ్యాచిలో ఒక్కతే అయితే, పేరు తీసేసి ప్రయోజనం ఏముంది? మందలో ఉన్నవాణ్ణి మంద కాపాడుతుంది. ఒంటరివాణ్ణి వాడి ఊరే పట్టిస్తుంది.

ఇక ఎవరు ఏ సైటులో ఎందుకున్నారన్న ప్రశ్నకు మళ్లీ వస్తే, వాట్సాప్ సంగతి తేలిక. 2021లో ప్యూ పరిశోధనా కేంద్రం అడిగినప్పుడు అమెరికాలో హిస్పానిక్ పెద్దల్లో 46 శాతం, నల్లవాళ్లలో 23 శాతం, తెల్లవాళ్లలో 16 శాతం వాట్సాప్ వాడుతున్నామన్నారు. అవతలి దేశంలో అమ్మమ్మ ఉన్నవాళ్లకు ఫోన్ బిల్లు భారం, వాట్సాప్ ఉచితం. చైనా విద్యార్థి చేతిలో వీచాట్ ఉంటుంది, ఎందుకంటే ఫేస్‌బుక్‌ను వాళ్ల ప్రభుత్వం 2009లో ఆపేసింది, వాళ్లమ్మ ఉన్నది వీచాట్‌లో. 2023–24లో అమెరికాలో భారతీయ విద్యార్థులు 3,31,602 మంది, అన్ని దేశాలకన్నా ఎక్కువ. వాళ్లలో మనవాళ్లెవరిని కదిపినా వీసా స్టాంపు పడకముందే ‘ఫాల్’ బ్యాచి గ్రూపులో ఉంటారు. రూమ్‌మేట్, ప్రెషర్ కుక్కర్, ఎయిర్‌పోర్టు పికప్ అన్నీ అందులోనే కుదురుతాయి. పైన చెప్పిన రమేశ్ కథ మొదలయ్యేది అమెరికాలో కాదు, అమీర్‌పేటలో.

వెళ్లాక ఇంకో మార్పు వస్తుంది. గుంటూరులో ఉన్నంతకాలం ఎవరూ బయోలో ‘తెలుగువాణ్ణి’ అని రాసుకోరు. రాస్తే నవ్వుతారు. అదే కుర్రాడు ఢిల్లీ వెళ్తే రాస్తాడు, డాలస్ వెళ్తే పంచెకట్టుతో ఫొటో పెడతాడు. షెర్రి గ్రాస్‌మక్, జేసన్ మార్టిన్, షన్యాంగ్ జావో 2009లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల 83 ఫేస్‌బుక్ ప్రొఫైళ్లు పరిశీలించారు. మైనారిటీ విద్యార్థులు, వాళ్లలో భారతీయ మూలాలవాళ్లూ, తమ భాషనూ పండగలనూ తమవాళ్ల గుంపునూ ఎంతో శ్రద్ధగా గోడమీద పరిచారు. తెల్లపిల్లలకు ఆ అవసరం రాలేదు. ‘జాతి ఇప్పుడెవరు పట్టించుకుంటారు’ అనే సమాజంలో, మేమున్నాం అని చెప్పడమే ఇది అన్నారు పరిశోధకులు. మెజారిటీవాడి సంస్కృతి వాడికి కనిపించదు, చేపకు నీళ్లు కనిపించనట్టు.

అయితే ఇంటి దగ్గర మనకు వేరే లెక్కలున్నాయి. ఫేస్‌బుక్ అసలు పేరే పెట్టాలంది. అసలు పేరు అడగడమంటే మన దగ్గర సగం కులం అడగడమే. ఏ కాలేజీ బ్యాచి ఖాతాలైనా తిరగేయండి. కొందరి పేర్లకు కులం తోక ఆధార్‌లో లేకపోయినా ఇన్‌స్టాలో మొలుస్తుంది. కొందరు ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించి, ఆ అక్షరాన్నీ చివరికి నెడతారు. ఇంకొందరు ‘జై భీమ్’ అని నీలి హృదయంతో సహా పెట్టి, దాచేది లేదు పొమ్మంటారు. ముగ్గురూ ఒకే యాప్ వాడుతున్నారు. కంపెనీవాడి గణాంకాల్లో ముగ్గురూ ‘18–24, ఇండియా’.

ఇక ముఖం దగ్గరికి వద్దాం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో డేనియల్ మిల్లర్ నడిపిన ప్రాజెక్టులో తొమ్మిదిమంది మానవశాస్త్రవేత్తలు తొమ్మిది చోట్ల 15 నెలల చొప్పున కాపురం పెట్టి, జనం సోషల్ మీడియాతో ఏం చేస్తున్నారో చూశారు. మనవైపు వంతు శ్రీరామ్ వెంకట్రామన్‌ది. చెన్నై శివార్లలో, ఐటీ కంపెనీలూ పల్లెలూ పక్కపక్కన ఉన్న ఒక ప్రాంతానికి ‘పంచగ్రామి’ అని మారుపేరు పెట్టి 2017లో పుస్తకం రాశాడు. అక్కడి కట్టుబాటు కుటుంబాల్లో అమ్మాయి ఫోను మీద నాన్న కన్ను, అన్న కన్ను. ఎవరు ఫ్రెండు, ఎవరి లైకు అన్నది ఇంట్లో పంచాయితీ. ఫేస్‌బుక్ వచ్చాక చుట్టరికం, కులం, వీధి పోలేదు. ఫోన్లోకి వచ్చి కూర్చున్నాయి.

ఇప్పుడు హువాంగ్, పార్క్ కొలబద్దను మా అమ్మాయి చిన్నికృష్ణుడి మీద పెట్టండి. ముఖం భాగం: సున్నా. చేపల ప్రయోగం ప్రకారం ఆమె పరిసరాలను ప్రేమించే మనిషి కావాలి. కానీ ఆ సున్నా కంటి అలవాటు వల్ల వచ్చింది కాదు. సీనియర్ ఎవడో క్లాస్ గ్రూపులోంచి నంబరు తీసి, డీపీ స్క్రీన్‌షాట్ కొట్టి, ఇంకెక్కడో పెట్టాడట. పెట్టింది వేరే అమ్మాయిది. ఆ వారంలో హాస్టలు ఫ్లోరంతా పూలూ, దేవుళ్లూ, సూర్యాస్తమయాలూ అయిపోయాయట. ఇది నాకు తను షికాగో వెళ్లాక, ఎనిమిదివేల మైళ్ల దూరంలో భద్రంగా కూర్చున్నాక చెప్పింది. తైపేలో ముఖం చిన్నదవడానికీ విజయవాడలో మాయమవడానికీ కొలబద్ద ఒకే అంకె వైపు వేలు చూపిస్తుంది. ఎవరు చూస్తున్నారని ఆ పిల్ల అనుకుంటోందో కొలబద్దకు తెలియదు.

చూసేవాళ్లు ఎక్కువైనప్పుడు పిల్లలు దాక్కునే పద్ధతులు ముచ్చటగా ఉంటాయి. బోయిడ్, ఆలిస్ మార్విక్ కలిసి రాసిన ఒక ఉదాహరణ నాకు ఇష్టం. బోస్టన్‌లో ఒక లాటినా అమ్మాయి ప్రియుడితో విడిపోయింది. దిగులు స్నేహితులకు చెప్పాలి, అమ్మకు తెలియకూడదు. అమ్మ ఫేస్‌బుక్‌లో అన్నీ చదువుతుంది. మాంటీ పైథాన్ సినిమాలో శిలువ మీద వేలాడేవాళ్లు హుషారుగా పాడే పాట ఒకటుంది, అందులోంచి ఒక ముక్క పెట్టింది. అర్జెంటీనానుంచి వచ్చిన అమ్మకు ఆ సినిమా తెలియదు, కూతురు సంతోషంగా ఉందనుకుంది. ఈమధ్యే కలిసి ఆ సినిమా చూసిన స్నేహితులు వెంటనే మెసేజ్‌లు పెట్టారు. మన పిల్లలకు ఆ పని మీముల్లో బ్రహ్మానందం చేసిపెడతాడు. ఒకే ముఖం, వెయ్యి అర్థాలు. ఏ సినిమాలో ఏ సీనుదో తెలిస్తేనే ఏడుపో నవ్వో తేలుతుంది. కుటుంబం గ్రూపులో పెద్దనాన్నలు ‘బాగుంది’ అని బొటనవేలు చూపించి ముందుకెళ్తారు.

షికాగో వెళ్లిన నాలుగు నెలలకు మా అమ్మాయి డీపీ మారింది. మిషిగన్ సరస్సు, గడ్డకట్టిన ఒడ్డు, దూరంగా ఎర్రకోటు వేసుకుని వెనక్కి తిరిగి నిలబడ్డ ఒక చుక్క. ఆ చుక్క తనే. “ఇప్పుడు కూడానా? అక్కడెవరున్నారే నిన్ను చూడ్డానికి?” అన్నాను.

“అక్కడ ఎవరూ లేరు బాబాయ్. నా నంబరు ఇంకా పెదనాన్న ఫోన్లో ఉంది కదా. ఆయన జూమ్ చేస్తారు.”

ముఖం కనిపించే ఫొటోలు ఇన్‌స్టాలో ఉన్నాయట, వేరే పేరుతో. ఆ పేరేమిటో తను చెప్పలేదు, నేను అడగలేదు.